లాభాపేక్ష లేని ద్విభాషా బడి బోర్డులో చేరమంటున్నారు, చేరవచ్చా?

నాకు అర్థమైనంతలో మీ ప్రశ్న ఇది. నగరికి దగ్గరలోని మీ ఊళ్లో కొన్ని కుటుంబాలు కలిసి సొసైటీ పెట్టుకుని ఆరేళ్లుగా ఒక బడి నడుపుతున్నాయి. అయిదో తరగతి వరకు తెలుగు, ఇంగ్లీషు రెండింటిలోనూ బోధన. లాభం ఎవరూ తీసుకోరు. మీ అమ్మాయి అక్కడే రెండో తరగతి చదువుతోంది, మీ మరదలు, అంటే మీ భార్య చెల్లెలు, అక్కడే టీచరు. ఇప్పుడు మిమ్మల్ని పాలకమండలిలోకి రమ్మంటున్నారు. మీరు మరమగ్గాలకు నూలు సరఫరా చేసే వ్యాపారి. చదువు చెప్పడం తెలియని నేను అక్కడ ఏం చేయాలి, రేపు ఏదైనా తేడా వస్తే నా మెడకు చుట్టుకుంటుందా అని అడిగారు.

చేరండి. బోధన తెలియకపోవడం అడ్డు కానే కాదు. అరువుకు నూలు ఇచ్చి, ఎవరి మాట నమ్మాలో, ఎవరి దగ్గర చీటీ రాయించుకోవాలో నేర్చుకున్న మనిషి బోర్డులో ఉంటే బడికే మంచిది. అయితే ఒప్పుకునే ముందు మూడు కాగితాలు అడిగి చూడండి: కిందటి ఏడాది ఆడిట్ నివేదిక, సమావేశాల తీర్మానాల పుస్తకం, ఏ తరగతిలో ఏ పాఠం ఏ భాషలో చెబుతారో రాసిపెట్టిన పత్రం. మొదటి రెండూ చూపించకపోతే మర్యాదగా తప్పుకోండి. మూడోది లేదంటే మాత్రం చేరి, మొదటి పనిగా దాన్ని రాయించండి. మా బడిలో నాలుగేళ్ల పాటు అది లేదు. లేదన్న సంగతి కూడా ఎవరికీ తట్టలేదు.

నా సంగతి కొంచెం చెప్పాలి. బ్యాంకులో పనిచేసి, పదవీ విరమణ తర్వాత చిత్తూరులో స్థిరపడ్డాను. జిల్లాలోనే ఇలాంటి ఒక బడికి పదకొండేళ్లు బోర్డు సభ్యుణ్ణి, అందులో నాలుగేళ్లు కార్యదర్శిని. బడి పేరు చెప్పను. కింద రాసే పొరపాట్లలో సగం నావే కాబట్టి వాటి గురించి ఇబ్బంది లేదు, మిగతా సగం చేసినవాళ్లు ఇప్పటికీ కూరగాయల మార్కెట్లో ఎదురుపడుతుంటారు.

మా సమావేశాలు నెలకో ఆదివారం మూడో తరగతి గదిలో జరిగేవి. పిల్లల బల్లల మీద కూర్చుంటే మోకాళ్లు గడ్డానికి తగిలేవి. మొదటి ఏడాది తీర్మానాల పుస్తకం ఇప్పుడు తిరగేస్తే నవ్వొస్తుంది. యూనిఫాం చొక్కా లేత నీలమా, గచ్చకాయ రంగా అన్నదాని మీద రెండు సమావేశాలు. ఒకటో తరగతి టీచరు పిల్లల్ని ఎక్కువగా నేల మీద కూర్చోబెడుతున్నారని మరొకటి. జమాఖర్చుల వంతు వచ్చేసరికి పన్నెండున్నర అయ్యేది, ఎవరో ఒకరు గడియారం చూసేవారు, 'వచ్చే నెల చూద్దాం' అని లేచేవాళ్లం. వరసగా ఏడు నెలలు అలాగే లేచాం.

ఎనిమిదో నెల నేను పట్టుబట్టి నగదు పుస్తకం తెప్పించాను. మా కోశాధికారి గారు పరమ నిజాయితీపరుడు. అడ్మిషన్ల రోజుల్లో వచ్చిన ఫీజు డబ్బు ఆయన ఇంట్లో బీరువాలో ఉండేది. బస్సుకు డీజిలు, బోరు మరమ్మతు, సుద్దముక్కలు, అన్నీ అందులోంచే ఇచ్చేవారు. పుస్తకం ప్రకారం ఉండాల్సిన దానికి, చేతిలో ఉన్నదానికి 38,400 రూపాయల తేడా వచ్చింది. రెండు సాయంత్రాలు కూర్చున్నాం. స్కూటరు డిక్కీలోంచి, పంచాంగం మధ్యలోంచి, చొక్కా జేబుల్లోంచి బిల్లులు బయటికి వచ్చాయి. 36,500కు లెక్క తేలింది. మిగిలిన 1,900 ఆయన సొంత డబ్బు వేసి, నాతో ఆరు నెలలు మాట్లాడలేదు. దొంగతనం ఒక్క రూపాయి కూడా లేదు. కానీ ఆ మధ్యలో ఆయనకు ఏమైనా అయి ఉంటే ఆ 38,400 ఆయన పేరు మీద మచ్చగా ఉండిపోయేది. అప్పటి నుంచి ఫీజు బ్యాంకులోనే కట్టించుకున్నాం, చెక్కు మీద రెండు సంతకాలు పెట్టించాం, పాస్‌బుక్కుతో నగదు పుస్తకం సరిచూసిన కాగితం ప్రతి సమావేశంలో మొదటి అంశం చేశాం. మొదటి అంశం అని గట్టిగా చెబుతున్నాను. చివర పెడితే మళ్లీ పన్నెండున్నర అవుతుంది.

మీకు సులువుగా అర్థమయ్యే విషయం ఇంకొకటి: రాబడి కాలం వేరు, జీతాల కాలం వేరు. జీతం పన్నెండు నెలలూ ఇవ్వాలి. ఫీజు మాత్రం మామిడి రైతు తోతాపురి కోతయ్యాక కడతాడు, మగ్గం పనివాడు చేతిలో ఆర్డరు ఉన్నప్పుడు కడతాడు. మామిడి ధర పడిపోయిన ఏడాది సగం మంది చేతులెత్తేస్తారు, వాళ్ల తప్పూ కాదు. అందుకే కనీసం మూడు నెలల జీతాలకు సరిపడే డబ్బు ముట్టుకోకుండా పక్కన ఉంచాలి. 'లాభాపేక్ష లేదన్నారుగా, మిగులు ఎందుకు?' అని సర్వసభ్య సమావేశంలో ఎవరో ఒకరు తప్పకుండా లేస్తారు. 2002లో టి.ఎం.ఎ. పాయ్ ఫౌండేషన్ కేసులో సుప్రీంకోర్టు ఈ విషయం తేల్చింది. విద్యాసంస్థ లాభం కోసం నడవకూడదు గానీ సంస్థ పెరుగుదలకు సమంజసమైన మిగులు ఉంచుకోవచ్చు. మిగులును సభ్యులు పంచుకోకూడదు, అంతే.

మేము లెక్కలోకి తీసుకోని ఖర్చు ఒకటి మమ్మల్ని బాగా కుదిపింది. తొమ్మిదేళ్లు పనిచేసిన టీచరు ఒకరు భర్త బదిలీ కావడంతో మానేస్తూ గ్రాట్యుటీ అడిగారు. టీచర్లకు గ్రాట్యుటీ ఏమిటని మా అధ్యక్షులు ఆశ్చర్యపోయారు. ఉంది. 2009 సవరణతో టీచర్లు కూడా గ్రాట్యుటీ చట్టం కిందికి వచ్చారు, 2022లో సుప్రీంకోర్టు దాన్ని ఖాయం చేసింది. కనీసం పది మంది ఉద్యోగులున్న బడిలో అయిదేళ్లు దాటితే ఇవ్వాల్సిందే. ఆవిడ చివరి జీతం 18,000. దాన్ని 26తో భాగించి 15తో హెచ్చించి తొమ్మిదేళ్లకు లెక్కకడితే 93,461 రూపాయలు. మా ఖాతాలో ఆ నెల లక్షా పదివేలు ఉన్నాయి. ఇచ్చాం, తర్వాతి నెల జీతాలకు నలుగురం చేబదులు వేశాం. మీ బడిలో ఎంతమంది అయిదేళ్లు దాటారో, వాళ్ల కోసం ఏటా ఎంత పక్కన పెడుతున్నారో మొదటి సమావేశంలోనే అడగండి.

తరగతి గదిలోకి మాత్రం వెళ్లకండి. ఇది నేను మొదటి రోజే నేర్చుకోవాల్సింది. మా సభ్యుల్లో ఒక పెద్దమనిషి, మంచి ఇంగ్లీషు వచ్చినవారు, నాలుగో తరగతిలోకి వెళ్లి టీచరు బోర్డు మీద రాసిన వాక్యాన్ని పిల్లల ముందే చెరిపి దిద్దారు. ఆయన దిద్దింది సరైనదే. ఆ టీచరు డిసెంబరులో, ఏడాది మధ్యలో, మానేసింది. నాలుగో తరగతికి మార్చి దాకా టీచరు దొరకలేదు. ఆ తర్వాత, ప్రధానోపాధ్యాయిని పిలిస్తే తప్ప సభ్యులు తరగతులు జరిగే వేళ అటు వెళ్లకూడదని రాసుకున్నాం. మీకు అసలు పరీక్ష పెళ్లి పందిట్లో ఎదురవుతుంది. చేతిలో తాంబూలం పెడుతూనే ఒకాయన, 'మా వాడికి మార్కులు తక్కువ వేశారండీ, మీరు బోర్డులో ఉన్నారుగా' అంటాడు. 'హెడ్‌మిస్ట్రెస్ గారితో మాట్లాడారా?' అన్న ఒక్క ప్రశ్న దగ్గర ఆగిపోండి. ఆవిడను ఎంపిక చేయడం, ఏడాదికోసారి కూర్చోబెట్టి పని ఎలా సాగుతోందో మాట్లాడడం, అవసరమైతే మార్చడం బోర్డు పని. ఆవిడ కింద పనిచేసేవారికి మీరు నేరుగా ఏ పనీ చెప్పకూడదు, మీ మరదలికి కూడా.

ఇప్పుడు మూడో కాగితం. ద్విభాషా బడికి, మామూలు బడికి బోర్డు విషయంలో తేడా ఇక్కడే ఉంది కాబట్టి కాస్త నింపాదిగా రాస్తాను.

డబ్బు గురించి అడిగేవాళ్లు ఎవరో ఒకరు ఉంటారు, ఆడిటరైనా అడుగుతాడు. తెలుగు ఎంతసేపు చెబుతున్నారని బయటి నుంచి ఎవరూ అడగరు. పైగా లాగేవాళ్లంతా ఒకే వైపు లాగుతారు. మాది ద్విభాషా బడి అని గేటు మీద రాసుకున్నాం. నాలుగో ఏడు ప్రధానోపాధ్యాయినిని కాలపట్టిక అడిగితే, మూడో తరగతి నుంచి తెలుగులో చెబుతున్నది ఒక్క తెలుగు పాఠమే అని తేలింది. లెక్కలు, పరిసరాల విజ్ఞానం మెల్లగా ఎప్పుడో ఇంగ్లీషులోకి జారిపోయాయి. ఎవరూ నిర్ణయం తీసుకోలేదు. ఒక టీచరు మారినప్పుడు కొంత, ఒక పుస్తకం మారినప్పుడు కొంత జారాయి. అది ఇంగ్లీషు మీడియం బడి, తెలుగు ఒక సబ్జెక్టు. అలా నడపడం నేరమేమీ కాదు, కానీ మేము తల్లిదండ్రులకు చెప్పింది అది కాదు.

అప్పుడు కూర్చుని ఒక పేజీ రాశాం. రాసింది టీచర్లు, ఆమోదించింది బోర్డు. రెండో తరగతి వరకు చదవడం, రాయడం తెలుగులో మొదలు. ఇంగ్లీషు వినడం, మాట్లాడడం, పాటలు, కథలు. మూడు నుంచి ఇంగ్లీషులో చదవడం. పరిసరాల విజ్ఞానం అయిదు దాకా తెలుగులోనే, కానీ ప్రతి పాఠం చివర పిల్లలు అదే విషయాన్ని ఇంగ్లీషులో నాలుగు ముక్కలు చెప్పాలి. లెక్కల్లో పదాలు రెండూ. భాగహారం అన్నా, డివిజన్ అన్నా పిల్లవాడు తడుముకోకూడదు. ఇదే గొప్ప పద్ధతి అనడం లేదు, మీ టీచర్లు ఇంకోలా రాయవచ్చు. రాసి ఉండాలి, ఏటా జూన్‌లో బోర్డు దాన్ని కాలపట్టికతో పోల్చి చూడాలి. పుస్తకాలకు వెతుక్కోనక్కర్లేదు. 2020-21 నుంచి రాష్ట్ర ప్రభుత్వ పాఠ్యపుస్తకాలు పక్కపక్క పేజీల్లో ఇంగ్లీషు, తెలుగు రెండింటితో వస్తున్నాయి. పుస్తకంలో రెండు భాషలు ఉన్నంత మాత్రాన టీచరు నోట రెండూ వస్తాయనుకోకండి, ఆ పొరపాటూ మేము చేశాం.

తల్లిదండ్రుల నుంచి ఒత్తిడి వస్తుంది. ఏటా ఏప్రిల్‌లో, పక్క ఊరి బడి ఐఐటీ ఫౌండేషన్ అని ఫ్లెక్సీ కట్టగానే వస్తుంది. మాకు 23 మంది సంతకాలతో అర్జీ వచ్చింది: మూడో తరగతి నుంచి అంతా ఇంగ్లీషే కావాలని. చట్టం ఏమంటుందో చెప్పాం. 2009 విద్యాహక్కు చట్టం 29వ సెక్షన్ సాధ్యమైనంత వరకు బోధన పిల్లల మాతృభాషలో ఉండాలంటుంది, 2020 జాతీయ విద్యావిధానం కనీసం అయిదో తరగతి దాకా వీలైన చోట అదే అంటుంది. సెక్షన్ నంబర్లు విని ఒక్కరూ మెత్తబడలేదు. మెత్తబడతారని అనుకోవడం నా బ్యాంకు బుద్ధి.

తర్వాత ప్రధానోపాధ్యాయిని ఒక శనివారం అవ్వలను, తాతలను బడికి పిలిచారు. మూడో తరగతి పాప ఒకతె వాళ్ల అవ్వను కూర్చోబెట్టి నీరు ఆవిరి కావడం గురించి చెప్పింది. తడి చీర దండెం మీద ఎందుకు ఆరుతుంది, నీడలో ఎందుకు ఆలస్యంగా ఆరుతుంది, ఆ నీళ్లు ఎటు పోయాయి? అవ్వ ఊరుకోలేదు, 'మరి వానాకాలంలో ఎండ ఉన్నా ఎందుకు ఆరదే?' అంది. పాప కొంచెం ఆలోచించి, 'గాలిలో అప్పటికే నీళ్లు ఎక్కువ ఉంటాయి కదవ్వా, ఇంక చోటు ఉండదు' అంది. వెనక్కి తిరిగి మాకు అదంతా ఇంగ్లీషులో చెప్పింది. వ్యాకరణం రెండు చోట్ల తప్పింది, విషయం ఎక్కడా తప్పలేదు. తలుపు దగ్గర నిలబడి చూసిన వాళ్ల అమ్మ అర్జీ మీద సంతకం పెట్టినవారిలో ఒకరు. ఆవిడ సంతకం వెనక్కి తీసుకున్నారు.

అందరూ తీసుకోలేదు. ఆరుగురు ఆ ఏడాదే పిల్లల్ని మార్చేశారు. తలకు 14,000 చొప్పున 84,000 ఫీజు పోయింది. ఆ ఆరుగురిలో ఒకరు మా బోర్డు సభ్యుడే. కొడుకును వేరే బడిలో వేసి తాను బోర్డులో కొనసాగారు. కొందరు రాజీనామా అడగమన్నారు. నేను వద్దన్నాను, ఇప్పటికీ అది సరైన పనే అనుకుంటున్నాను. మా బడి నుంచి జనం ఎందుకు వెళ్తారో మొహమాటం లేకుండా చెప్పిన ఏకైక మనిషి ఆయన. అయిదు తర్వాత పిల్లలు ఎక్కడికి వెళ్లాలో మేము ఎప్పుడూ ఆలోచించలేదని ఆయనే ఎత్తిచూపారు. ఆరో తరగతిలో పూర్తి ఇంగ్లీషు బడికి మారే పిల్లల కోసం అయిదో తరగతి చివరి మూడు నెలలు ప్రత్యేకంగా సిద్ధం చేయడం ఆ మాట వల్లే మొదలైంది.

మీ ప్రాంతానికి ప్రత్యేకమైన చిక్కు ఒకటుంది. తెలుగు మాతృభాష అని మీరు అనుకునే పిల్లల్లో ఎంతమంది ఇంట్లో తెలుగు మాట్లాడతారు? 1960 ఏప్రిల్ 1న తిరుత్తణి అటు మద్రాసు రాష్ట్రంలోకి, సత్యవేడు వైపు ఊళ్లు ఇటు ఆంధ్రలోకి మారాయి. గీత మారింది గానీ ఇళ్లలో మాటలు మారలేదు. మా బడి మీ అంత సరిహద్దులో లేదు, అయినా 112 మందిలో 41 మంది ఇంట్లో అమ్మతో తమిళమే మాట్లాడతారని అయిదో ఏడు తెలిసింది. ఒకటో తరగతిలో వెనకబడ్డారని మేము అనుకున్న పిల్లల్లో ఎక్కువమంది వాళ్లే. పాపం, వాళ్లకు తెలుగు, ఇంగ్లీషు రెండూ బడి భాషలే. చేరిక దరఖాస్తులో 'ఇంట్లో అమ్మతో, అవ్వతో ఏ భాష?' అనే గడి ఒకటి చేర్చమని బోర్డు అడిగింది, అంతే. చిన్న తరగతులకు తమిళం వచ్చిన ఆయాను పెట్టుకోవడం, మొదటి నెలల్లో తమిళ కథలు చెప్పించడం ప్రధానోపాధ్యాయిని ఆలోచనలు. మీ దరఖాస్తులో ఆ గడి ఉందో లేదో చూడండి.

చట్టాల సంగతి త్వరగా చెప్పేస్తాను, వివరాలకు మీ ఆడిటరు ఉన్నారు. ఆంధ్రప్రదేశ్ సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం 2001లోది, సొసైటీకి కనీసం ఏడుగురు ఉండాలి. ఏటా సర్వసభ్య సమావేశం జరిపి కార్యవర్గ జాబితా జిల్లా రిజిస్ట్రారుకు పంపాలి. అది పంపని సొసైటీలో గొడవ వస్తే అసలు కార్యవర్గం ఎవరో తేలడానికే కోర్టు మెట్లు ఎక్కాలి. బడికి గుర్తింపు ఉత్తర్వు ఎప్పటివరకు ఉందో తేదీ చూడండి. విరాళం పేరుతో సీటుకు డబ్బు అడగడం, పిల్లలకు, తల్లిదండ్రులకు ఇంటర్వ్యూ పెట్టి వడపోయడం విద్యాహక్కు చట్టం ప్రకారం నిషిద్ధం. పన్ను మినహాయింపు రిజిస్ట్రేషన్‌కు గడువు ఉంటుంది, పునరుద్ధరణ తేదీ గోడ మీద రాసి పెట్టుకోండి. 2026 ఏప్రిల్ 1 నుంచి కొత్త ఆదాయపు పన్ను చట్టం అమలు కాబట్టి పాత సెక్షన్ నంబర్లు పట్టుకుని వాదించకండి.

అమెరికా డబ్బు దగ్గర జాగ్రత్త. ఊరి కుర్రవాడు అక్కడ ఉద్యోగం చేస్తూ బడికి డబ్బు పంపుతానంటాడు. భారత పౌరసత్వం ఉన్నవాడు తన సంపాదనలోంచి బ్యాంకు ద్వారా పంపితే ఫరవాలేదు. అక్కడి పౌరసత్వం తీసుకున్నవాడైతే, విదేశీ పౌరసత్వం తీసుకున్న భారతీయులకు మన ప్రభుత్వం ఇచ్చే ఓసీఐ కార్డు ఉన్నా సరే, అది విదేశీ విరాళమే. దానికి విదేశీ విరాళాల చట్టం (ఎఫ్‌సీఆర్‌ఏ) కింద కేంద్ర హోంశాఖ అనుమతి, ఢిల్లీలోని స్టేట్ బ్యాంకు ప్రధాన శాఖలో ప్రత్యేక ఖాతా ఉండాలి. లేకుండా తీసుకుంటే నేరం. మాకు అలా రెండు లక్షలు వస్తానన్నాయి, పాస్‌పోర్టు ఏ దేశానిదని అడిగాం, వద్దన్నాం. ఇచ్చేవాడికి కోపం వచ్చింది.

మెడకు చుట్టుకోవడం గురించి. సొసైటీ అప్పులు మామూలుగా సొసైటీవే, మీ ఇంటి మీదికి రావు. వ్యక్తిగత పూచీకత్తు సంతకం పెట్టకండి, బస్సు లోను కోసం అడిగినా పెట్టకండి. చెక్కుల మీద సంతకం చేస్తే వాటి బాధ్యత మీదే. ఒక్క విషయంలో మాత్రం ఏ మొహమాటమూ పనికిరాదు. పిల్లల మీద లైంగిక వేధింపు జరిగిందని తెలిస్తే 2012 పోక్సో చట్టం ప్రకారం పోలీసులకు చెప్పి తీరాలి. బడి పరువు అని, మనలో మనం విచారిద్దామని ఆపితే ఆపినవారికి జైలు కూడా పడవచ్చు. ఫిర్యాదు వస్తే ఎవరు, ఎవరికి, ఎంత సేపట్లో చెప్పాలో కాగితం మీద ఉందా అని అడగండి.

ఇక మీ మరదలు. ఆవిడ అక్కడ టీచరుగా ఉండడం మీరు సభ్యుడు కావడానికి అడ్డు కాదు, కానీ దాచితే అడ్డవుతుంది. చేరిన రోజే రాతపూర్వకంగా తెలియజేయండి. ఆదాయపు పన్ను లెక్కలో భార్య చెల్లెలు కూడా బంధువే. అదే అర్హత, అదే అనుభవం ఉన్న మిగతా టీచర్ల కంటే ఆవిడకు ఎక్కువ జీతం ఉంటే బడికి పన్ను చిక్కు వస్తుంది. జీతాల చర్చ వచ్చినప్పుడు లేచి బయటికి వెళ్లండి. మా కోడలు ఒక ఏడాది బడిలో కంప్యూటర్ నేర్పింది. ఆ అంశం వచ్చినప్పుడల్లా నేను బయట కుళాయి పక్కన వేపచెట్టు కింద కూర్చునేవాణ్ణి. ఒకసారి నన్ను మళ్లీ లోపలికి పిలవడం మరిచిపోయి తర్వాతి అంశాలు కూడా ముగించేశారు. ఆ రోజు తీర్మానాల పుస్తకంలో 'కార్యదర్శి 11:20కి బయటికి వెళ్లారు' అని ఉంది, తిరిగి వచ్చినట్టు ఎక్కడా లేదు. ఏడాది చివర ఆడిటరు దాని మీద పెన్సిలుతో గుండ్రంగా గీత గీసి నవ్వారు.